కలుపుగోలుతనం: చనువుకూ మర్యాదకూ నడుమ

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ పాఠశాలలోనైనా ఏడాదికి పలుమార్లు కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. బిడ్డ చదువును గురించి అడుగుదామని వచ్చిన తల్లి వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉంటుంది. లోపల కుర్చీ ఖాళీగా ఉన్నా వచ్చి కూర్చోదు. ఉపాధ్యాయుడు చూచి "ఏమమ్మా?" అంటే "ఏమీ లేదు సార్, ఊరకే వచ్చినాను" అంటుంది. పొలం పని మానుకొని, కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని వచ్చిన మనిషి ఊరకే రాదు. అడగవలసిన మాట గొంతులోనే ఉండిపోతుంది; ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంది. ఇదే తల్లి సంతలో టమాటా బుట్ట దించినప్పుడు దళారితో రూపాయి రూపాయికీ వాదించగలదు. పెళ్ళింట పదిమంది నడుమ కూర్చుంటే అందరినీ నవ్వించగలదు. నోరులేని మనిషి కానేకాదు. మరి ఆ నోరు పాఠశాల గడప దగ్గరకు వచ్చేసరికి ఏమైపోయింది? ఈ ప్రసంగానికి విషయం ఆ ప్రశ్నే.

మనుషులతో మెలగటంలోని ఇబ్బందికి తెలుగులో ఉన్నన్ని మాటలు మరి దేనికీ లేవేమోననిపిస్తుంది. సిగ్గు వేరు, బెరుకు వేరు, జంకు వేరు, మొహమాటం వేరు. కొత్త చోట పిల్లవానికి కలిగేది బెరుకు. పెద్దవారి ఎదుట మాట తడబడటం జంకు. కడుపు నిండా ఆకలి ఉన్నా "ఇప్పుడే తిని వచ్చినాను" అనిపించేది మొహమాటం. దీనికి ఎదురుగా చనువు, చొరవ, కలుపుగోలుతనం అనే మాటలు ఉన్నాయి. వీటిలో చివరిదే అన్నిటికన్న అందమైనది. చనువులో హద్దు మీరే ప్రమాదం ఉన్నది, చొరవలో తోసుకొనిపోయే గుణం ఉన్నది. కలుపుగోలుతనంలో మాత్రం ఎదుటివాని చోటు ఎదుటివానికి మిగులుతుంది.

అయితే లోకం ఈ గుణాలను మనిషి పుట్టుకతో తెచ్చుకొన్న సొత్తుగా లెక్కిస్తుంది. "అతడు కలుపుగోలు మనిషి", "ఆ పిల్లకు మొహమాటం ఎక్కువ" అని ఒక్కొక్కరి ఖాతాలో ఒక్కొక్క గుణాన్ని వ్రాసి ఊరుకొంటారు. ఈ లెక్క సగమే సరియైనది. సహజంగా మాట్లాడటం, సహజంగా కూర్చోవటం, సహజంగా నవ్వటం ఒక్కని చేతిలో ఉన్న పని కాదు. అది ఇద్దరి నడుమ పుట్టేది. ఆ ఇద్దరిలో ఎత్తుపీట ఎవరిదో, దానిని పుట్టించవలసిన బాధ్యతలో పెద్దపాలు కూడా వారిదే.

ఐరోపాలో ఈ విషయంపై పేరుపొందిన గ్రంథం ఇటలీ దేశస్థుడు బల్దస్సారె కాస్తిల్యోనె రచించినది. 1528లో వెనిస్‌లో అచ్చయినది. రాజాస్థానంలో మెలగేవాడు ఎంత శ్రమపడి నేర్చుకొన్నా, ఆ శ్రమ కంటికి కనబడకుండా, ఏదో అలవోకగా చేసినట్లు ఉండాలని అందులో బోధించాడు. ఆ నేర్పుకు స్ప్రెజ్జతూరా అని ఒక పేరు కూడా పెట్టాడు. సొగసైన బోధనే. కాని అది ప్రభువు మెప్పును కోరే కొలువుకాని నేర్పు. తన అందాన్ని తాను చూపుకొనే విద్య. ఎదుటివాడు తేలికపడ్డాడా లేదా అన్నది అక్కడ ప్రధానం కాదు. ఈ సంగతి తేల్చుకోవటానికి ఇటలీ దాకా పోనక్కరలేదు. ఇంతకన్న మేలైన ఉదాహరణ ఈ ధర్మపురి జిల్లా గడ్డమీదనే ఉన్నది.

ధర్మపురికి పూర్వనామం తగడూరు. రమారమి రెండు వేల సంవత్సరాల నాడు దానిని ఏలినవాడు అదియమాన్ నెడుమాన్ అంజి. అతని కొలువులో ఔవైయార్ అనే కవయిత్రి ఉండేది. తమిళ పాఠంలో పిల్లలు వల్లించే నీతివాక్యాల ఔవైయార్ ఈమె కాదు. ఆమె చాలా కాలం తరువాతి మనిషి. దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయ దొరికితే అదియమాన్ తాను తినకుండా కవయిత్రికి ఇచ్చిన కథ ఈ జిల్లాలో పసివానికి కూడా తెలుసు. తెలియవలసినది మరికొంత ఉన్నది. పురనానూరు అనే ప్రాచీన సంకలనంలో ఈమె పాటలు చాలా ఉన్నాయి. ఒకసారి అదియమాన్ ఆమెకు ఇవ్వవలసిన కానుకను ఆలస్యం చేశాడు. ఆమె దైన్యంగా వేచి ఉండలేదు. వాకిలి కాచేవానిని పిలిచి, విద్య ఉన్నవారికి ఏ దిక్కున పోయినా అన్నం పుడుతుందని మొగంమీదనే చెప్పి మూటముల్లె సర్దుకొన్నది. అంతటి కోపాన్ని దాచుకోకుండా చెప్పగలిగిన చోటు ఆ కొలువు. మరొకసారి అతని తరఫున రాయబారిగా తొండైమాన్ వద్దకు వెళ్ళింది. అక్కడ ఆయుధశాల చూపిస్తే, నెయ్యి పూసి పూలమాలలు వేసిన ఈ ఆయుధాలు ఎంత మెరుస్తున్నాయో, మా రాజు ఆయుధాలు మొనలు విరిగి కమ్మరి కొలిమిలో పడి ఉన్నాయని మెచ్చుకొన్నట్లే మాట్లాడింది. ఎవరికి యుద్ధం అలవాటో, ఎవరికి కాదో తొండైమానుకు వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

అన్నిటికన్న గొప్ప సాక్ష్యం అదియమాన్ మరణించిన తరువాత ఆమె పాడిన విలాపం. అందులో కోటల ప్రసక్తి లేదు, గెలిచిన యుద్ధాల పట్టిక లేదు. కల్లు కొంచెమే ఉంటే తమకు ఇచ్చేసేవాడని, ఎక్కువ ఉంటే తాము పాడుతుండగా తానూ కలిసి తాగేవాడని, కొంచెం అన్నమైనా ఎక్కువ అన్నమైనా చాలా కంచాల్లో పంచేవాడని, వాసన నిండిన చేత్తో తన తల నిమిరేవాడని తలచుకొన్నది. ఒక పాలకుడు పోయిన రోజున అతని కొలువు మనిషికి జ్ఞాపకం వచ్చినవి ఇవి. కవయిత్రి ధైర్యశాలి అనటంలో సందేహం లేదు. కాని ఆ ధైర్యం నిలబడటానికి చోటిచ్చిన చేయి అదియమానుది.

అదే నేలమీద మరొక కాలంలో మరొక దృష్టాంతం. 1792లో శ్రీరంగపట్టణం ఒడంబడికతో బారామహల్ ప్రాంతం టిప్పుసుల్తాను నుండి కంపెనీవారి చేతికి వచ్చింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసిన సహాయకులలో థామస్ మన్రో ఒకడు. 1799 దాకా ఇక్కడనే ఉన్నాడు. ధర్మపురిలో కాపురముండి ఒక తోట పెంచుకొన్నాడు. కెనరాకు బదిలీ అయినప్పుడు ఆ తోటను విడిచిపోవలసి వచ్చినందుకు తన లేఖలలో బాధపడ్డాడు. అతని పద్ధతిలో విశేషమేమంటే, దుబాసీల మీద ఆధారపడకుండా దేశభాషలు నేర్చుకోవటం, గుడారం వేసుకొని ఊరూరా తిరగటం, రైతు చెప్పేది రైతు నోటనే వినటం. మధ్యవర్తి మాయమైతే సగం భయం మాయమవుతుంది. రైత్వారీ పద్ధతి ఈ తిరుగుళ్ళలోనే రూపుదిద్దుకొన్నది. తరువాత 1800 నుండి 1807 దాకా దత్తమండలాలలో కలెక్టరుగా ఉన్నాడు. 1827లో మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో మరణించాడు. రాయలసీమలో బిడ్డలకు మన్రో పేరు పెట్టుకొన్నారని ఇప్పటికీ చెప్పుకొంటారు. మద్రాసులో అతని విగ్రహం జీను, రికాబులు లేని గుర్రంమీద కూర్చొని ఉంటుంది. శిల్పి మరచిపోయాడని కొందరు, కావాలనే చేశాడని కొందరు. ఏది ఏమైనా అతడు వచ్చింది పన్ను వసూలుకేనన్న సంగతి మరువరాదు. చనువుగా అడిగినా పన్ను పన్నే. అయినా, మాట వినిపించుకొనే అధికారికీ వినిపించుకోని అధికారికీ మధ్య తేడా ఎంతటిదో రైతుకు బాగా తెలుసు.

ఇక మహేంద్రమంగళం సంగతి. చుట్టూ ఉన్న ఊళ్ళ పేర్లు చూస్తేనే ఇక్కడి జీవనం అర్థమవుతుంది. మంగళం అనే ముగింపు తమిళదేశపు పాత గ్రామాలకు ఉండేది. పక్కనే ఉన్న మారండహళ్ళి కన్నడపు హళ్ళి. జిల్లాకంతటికీ పేరు తెచ్చిన హొగెనకల్ కూడా కన్నడమే: పొగరాయి. ఇట్టిచోట తెలుగింట పెరిగిన పిల్లవాడు పాఠం చెప్పేవారెవరూ లేకుండానే ఒక గొప్ప విద్య నేర్చుకొంటాడు. ఒక వాకిట "వాంగ" అని పిలుస్తాడు, మరొక వాకిట "బన్ని" అంటాడు, తన ఇంట "రా అన్నా" అంటాడు. ఏ ఇంట ఏ మర్యాద చెల్లుతుందో వానికి గడప దాటకముందే తెలుసు.

ఆ "రా అన్నా" దగ్గర ఒక చిక్కు ఉన్నది. ఇక్కడి తెలుగులో వయసులో పెద్దవానిని కూడా "ఏమన్నా, బాగుండావా? ఎప్పుడొస్తివి?" అని ఏకవచనంతో పలకరించటం వాడుక. ఆ వాక్యంలోని గౌరవమంతా "అన్నా" అన్న వరుసలో ఉన్నది; క్రియ మీద దాని భారం లేదు. రాయలసీమలోనూ ఇదే తీరు. కోస్తా ప్రాంతం నుండి వచ్చిన చుట్టానికి ఇది "నువ్వు" అన్నట్లు వినబడి మనసు చివుక్కుమంటుంది. ఆయన ముఖం ముడుచుకోవటం చూచి ఇక్కడి పిల్లవాడు తాను చేసిన తప్పేమిటో తెలియక నోరు కట్టుకొంటాడు. పై చదువుకు ఆంధ్రదేశానికి పోతే వాని యాసను అరవ తెలుగు అని నవ్వుతారు. చెన్నపట్నం పోతే గొల్టి అని వెక్కిరిస్తారు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాట పాఠశాలలన్నిటిలో తమిళం నిర్బంధ పాఠ్యాంశమై, ఏటికొక తరగతి చొప్పున 2016 నాటికి పదవ తరగతిని చేరింది. తెలుగు మాధ్యమపు పిల్లవానికి మూడు భాషలు వచ్చు. మూడింటిలోనూ తాను సొంతవాడు కాడేమోనన్న అనుమానం కూడా ఆ మూడింటితోపాటే వచ్చింది. బెంగుళూరులోనూ హోసూరు కర్మాగారాలలోనూ ఉద్యోగాలు చేసే పూర్వవిద్యార్థులకు ఇది చెప్పి తెలియవలసినది కాదు. పక్కన కూర్చున్నవానికి వినబడకుండా ఇంటికి ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడిన రోజు ప్రతివారికీ ఒకటైనా జ్ఞాపకం ఉండి తీరుతుంది.

తన మాట తనకే నామోషీగా తోచినవాడు సహజంగా ఉండలేడు. ప్రతి మాటనూ నోటిలో ఒకసారి కడిగి బయటకు తీయవలసి వస్తే మనిషి కొయ్యబారిపోతాడు. లోకం దానిని చూచి "వీనికి నడవడిక తెలియదు" అంటుంది.

ఈ ముడిని విప్పటానికి పూనుకొన్న ఉపాధ్యాయుడు గిడుగు వేంకట రామమూర్తి. 1863లో జన్మించి 1940లో మరణించిన ఆ మహనీయుని పేరు వ్యావహారిక భాషోద్యమంతో ముడిపడి ఉన్నది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవమైనది. కాని ఆయన మొదట చేసిన పని తెలుగు కోసం చేసినది కాదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకొంటూ, కొండలనుండి దిగివచ్చే సవరలను చూచి, వారి భాష నేర్చుకోవటానికి పూనుకొన్నాడు. సవరలు తెలుగు నేర్చుకొని తన దగ్గరకు రావాలని ఆయన అనలేదు. వారి భాషలో పుస్తకాలు వ్రాసి, వారికోసం బడులు నడిపాడు. 1931లో సవర భాషపై ఆయన రచించిన గ్రంథం అచ్చయినది. పండితుడు కొండమనిషి మాట నేర్చుకొని ముందుగా నోరు విప్పితే, తప్పులు పోయేది పండితునికి, నవ్వేది కొండమనిషి. ఆ నవ్వుతో ఇద్దరి నడుమ ఉన్న మెట్టు ఒకటి దిగిపోతుంది. పుస్తకాల తెలుగును గురించి తరువాత ఆయన చేసిన వాదమంతా ఈ అనుభవంలో నుండి వచ్చినదే అనుకోవచ్చును. (ఇంత చెప్పే ప్రసంగమే పుస్తకాల తెలుగులో నడుస్తున్నదని ఎవరైనా నవ్వితే ఆ నవ్వు న్యాయమైనదే.)

ఎవరూ చోటివ్వకపోయినా తామే తీసుకొన్నవారు లేరా అంటే ఉన్నారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ అనే ఊరిలో 1923లో తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ బడి చదువు ఎక్కువగా సాగనివాడు, వ్యవసాయదారుడు. ఇంట తెలుగు, వ్రాత తమిళం. ఆ తమిళమైనా పండితుల తమిళం కాదు, కరిసల్ అనబడే నల్లరేగడి పల్లెల నోటి తమిళం. దానికి ఒక నిఘంటువే కూర్చాడు. తెలుగువారు దక్షిణానికి వలసపోయి ఊరు కట్టుకొన్న కథను గోపల్ల గ్రామం అనే నవలగా 1976లో వెలువరించాడు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్యునిగా పిలిచి కూర్చోబెట్టింది. 2021లో మరణిస్తే తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. తన యాసను దాచుకోని మనిషి కనుక రెండు భాషలవారూ తమవాడని చెప్పుకొన్నారు. అట్టివారు అరుదు. నూటికి ఒక్కడు ఈదగలిగాడని తక్కిన తొంబదితొమ్మిదిమందిని వంతెన లేకుండా ఏటిలోకి పొమ్మనటం తగదు.

పాతకాలపు పల్లెల్లో ఈ ఇబ్బందులేవీ లేవని, అరుగుమీద అందరూ కలసిమెలసి ఉండేవారని అనేవారు ఉన్నారు. సగం నిజం. అతిథి వస్తే ముందు కాళ్ళకు నీళ్ళు, తాగటానికి నీళ్ళు, తరువాతనే వచ్చిన పని అడగటం అనే మర్యాద చాలా గొప్పది. మనిషిని తేలికపరచటానికి అంతకు మించిన ఉపాయం నేటికీ లేదు. కాని ఆ అరుగుమీద అందరూ కూర్చోలేదు. వీధిలో నిలబడి, భుజంమీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొని మాట్లాడవలసినవారు ఉన్నారు. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి తమిళనాట చాలాచోట్ల ఎంతకాలం సాగిందో పెద్దలకు తెలుసు. అరుగుమీదివాని సహజత్వం కిందివాని వంగుబాటు మీద నిలిచినది. దానిని సహజమనటం కష్టం. అది అలవాటు మాత్రమే.

ఆ అలవాటును విరిచిన పనులలో ఒకటి ఉపన్యాసం కాదు, అన్నం. 1950ల నడిమిలో కామరాజు ముఖ్యమంత్రిగా బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించాడు. 1982లో ఎం.జి. రామచంద్రన్ దానిని పౌష్టికాహార పథకంగా విస్తరించాడు. 2022 నుండి ఉదయపు పలహారం కూడా చేరింది. ఆకలి తీర్చటానికి పుట్టిన పథకమే అయినా, అది తెచ్చిన మరొక ఫలితం ఉన్నది. ఎవరి బిడ్డ ఎవరి పక్కన కూర్చోవాలో ఊరు నిర్ణయించే రోజుల్లో, బడి వరండాలో ఒకే వరుసగా కూర్చొని, ఒకే గరిటెతో వడ్డించినది తిన్న పిల్లలు ఒకరి పళ్ళెంలోని గుడ్డు మరొకరు లాక్కొని పోట్లాడుకొన్నారు. చిన్ననాడు పళ్ళెం దగ్గర పోట్లాడినవానితో పెద్దయిన తరువాత చేతులు కట్టుకొని మాట్లాడటం కష్టం.

సహజత్వం పేరుతో నడిచే మోసాన్ని కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. కొందరు పెద్దలు కింది ఉద్యోగి భుజంమీద చేయి వేసి, వాని ఇంటి విషయాలు ఎగతాళిగా మాట్లాడి, తాము చాలా కలుపుగోలు మనుషులమని సంతోషిస్తారు. ఆ కింది ఉద్యోగి తిరిగి ఆయన భుజంమీద చేయి వేయగలడా? వేయలేడు. నవ్వు రానిదే నవ్వవలసి రావటం కంటె నిలబడి ఉండటమే మేలు. చనువు ఒకవైపు నుండి మాత్రమే నడిస్తే దానిని అధికారంలో మరొక రకంగా లెక్కించాలి. ఉపాధ్యాయులకూ ఇది వర్తిస్తుంది. పిల్లవానికి ముద్దుపేరు పెట్టి తరగతినంతా నవ్వించే పంతులు తాను సరదా మనిషిననుకొంటాడు; ఆ పిల్లవాడు ఇంట ఏమి చెప్పుకొన్నాడో ఆయనకు తెలియదు.

పూర్వవిద్యార్థులు ఈ ఉత్సవానికి వచ్చి తాము చదివిన గదులు చూచుకొన్నారు. చాలామందికి జ్ఞాపకమున్నది పాఠం కాదు, తమను పేరుతో పిలిచిన గొంతు. ఆ గొంతు కొన్నిసార్లు అయ్యవారిది, కొన్నిసార్లు గంట కొట్టే బంట్రోతుది. ఇప్పుడు ఈ పూర్వవిద్యార్థులలో కొందరు కార్యాలయాలలో బల్లకు ఈవల కూర్చొనేవారు. వారి ఎదుటకు కూడా ఎవరో ఒకరు వచ్చి స్తంభం పక్కన నిలబడుతూనే ఉన్నారు.

ఆ వరండాలోని తల్లి విషయం మిగిలి ఉన్నది. ఆమెకు కలుపుగోలుతనం నేర్పవలసిన పని లేదు. అది ఆమెకు చాలినంత ఉన్నది. చేయవలసినవి చిన్న పనులు. ఉపాధ్యాయుడు తన కుర్చీలోనుండి లేవాలి. ఖాళీ కుర్చీ చూపించటం చాలదు, దానిని ఆమె వైపు జరపాలి. మంచినీళ్ళు తెప్పించాలి. "ఏమమ్మా?" అన్న ప్రశ్నకు ముందు మరొక మాట ఉండాలి: మీ పక్క వాన పడిందా, రాగి చేను ఎట్లా ఉండాది అని, ఆమె మాట్లాడే తెలుగులోనే. ఆమె కూర్చొని, కొంగు సర్దుకొని, నీళ్ళు తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలా అని ఒకసారి చూస్తుంది. తరువాత "వాన యాడ పడింది సార్" అంటుంది. ఇంకొంతసేపటికి, "అది కాదు సార్, మా పిల్లోడు నెల దినాలుగా బడికి పోయేదానికి ఏడస్తా ఉండాడు, ఏమైందో అడుగుదామని..." అని మొదలుపెడుతుంది.